రిపీటర్ ఇవ్వాలా, మనిషిని పంపాలా? క్లబ్ నెట్‌కు ఏది మేలు

తుపాన్ల సీజన్ దగ్గర పడిందంటే మా హామ్ రేడియో క్లబ్‌కి (లైసెన్సు తెచ్చుకుని సరదాకి వైర్‌లెస్ నడిపేవాళ్ళం, మమ్మల్నే హామ్‌లంటారు) ఒకటే ప్రశ్న. "కొండ మీద మీ రిపీటర్ ఉంది కదా, ఆపద సమయంలో దాన్ని అధికారులకు ఇచ్చేస్తే పోలా?" రిపీటర్ అంటే చిన్న సెట్ల బలహీనమైన సిగ్నల్‌ని ఎత్తున విని, బలంగా తిరిగి ప్రసారం చేసే పెట్టె. కొత్తగా లైసెన్సు తెచ్చుకున్న కుర్రాళ్ళు అడుగుతారు. పక్క జిల్లా హామ్‌లు అడుగుతారు. ఈ ఏడాది ఒక ప్రభుత్వ కార్యాలయం ఏకంగా ఉత్తరమే రాసింది, మీ ఫ్రీక్వెన్సీని మా సెట్లలో వేసుకోవచ్చా అని. దానికి జవాబు రాయడానికి మాకు నాలుగు ఆదివారాలు పట్టింది. నెట్ (అందరం ఒకే ఛానెల్‌లో, నెట్ కంట్రోల్ అనే ఒకరు చెప్పిన వరసలో మాట్లాడుకునే కూటమి) అయ్యాక టీ తాగుతూ మేం కొట్లాడుకున్నవే ఇక్కడ పెడుతున్నాను. నేను ఎటువైపో దాచను గానీ, అవతలి పక్షంలో ఉన్న బలం కూడా చెబుతాను.

ముందు ఒక చిక్కు విప్పుకోవాలి. "రిపీటర్ పంచుకోవడం" అనే మాటని ముగ్గురు మూడు రకాలుగా వాడుతున్నారు. ఒకటి, ఛానెల్ ఇవ్వడం: పోలీసు, ఫైర్, రెవెన్యూ సిబ్బంది సెట్లలో మన ఫ్రీక్వెన్సీ, రిపీటర్‌ని తెరిచే టోన్ వేసి, నేరుగా మాట్లాడుకోండని చెప్పడం. రెండు, మనిషిని ఇవ్వడం: రిపీటర్ మన నెట్ చేతిలోనే ఉంటుంది, వాళ్ళ కంట్రోల్ రూమ్‌లో మన హామ్ ఒకరు కూర్చుని వాళ్ళ సందేశాలు పంపుతారు. మూడు, టవర్ పంచుకోవడం: ఎవరి రిపీటర్ వాళ్ళదే, నిలబెట్టే చోటు, కరెంటు మాత్రం ఉమ్మడి. ఈ మూడూ కలిపేసి వాదించడం వల్లే మా మొదటి రెండు ఆదివారాలు వృథా అయ్యాయి.

ఛానెల్ ఇచ్చేయాలనే వాళ్ళ వాదన తీసిపారేసేది కాదు. మధ్యలో మనిషి ఉంటే ఆలస్యం. అధికారి చెప్పాలి, మనం రాసుకోవాలి, చదవాలి, అవతల ఇంకో హామ్ రాసుకోవాలి, అక్కడి అధికారికి చూపించాలి. నేరుగా మాట్లాడితే అర నిమిషంలో తేలేది ఇలా నాలుగు నిమిషాలు తింటుంది. పైగా మనుషులు ఎక్కడున్నారు? ఆరు చోట్ల హామ్‌లని కూర్చోబెట్టాలంటే, ఎనిమిది గంటల షిఫ్టు లెక్కన రోజుకి పద్దెనిమిది మంది కావాలి. మా క్లబ్ జాబితాలో పేర్లు నలభై దాటతాయి, ఆదివారం నెట్‌లో చెకిన్ అయ్యేది పదిహేను మంది. వాళ్ళలోనూ సగం మందికి తుపాను రోజున సొంత ఇంటి పైకప్పే పెద్ద సమస్య. ఈ లెక్క చూసి, ఛానెల్ ఇవ్వడమే నయమని నేను కూడా ఒక దశలో అనుకున్నాను.

నా మనసు మార్చింది రెండేళ్ళ క్రితం జరిగిన ఒక మాక్ డ్రిల్. ఆ రోజు ప్రయోగంగా ఒక శాఖ వాళ్ళని మా సెట్ల మీద నేరుగా మాట్లాడమన్నాం. రూలు ప్రకారం పక్కన మా హామ్ ఒకరు ఉన్నారు, ఉన్నా నోరు మెదపలేదు. నెట్ కంట్రోల్ మాత్రం మాదే. ఇంజనీరింగ్ మూడో ఏడు చదివే అమ్మాయి, మా అందరిలోకీ నెట్ చక్కగా నడుపుతుంది. పదకొండు గంటలు దాటాక, లంక గ్రామం పాత్రలో ఉన్న మా హామ్ ఐదు వాట్ల హ్యాండీ (చేతి సెట్) నుంచి "బ్రేక్, బ్రేక్" అన్నాడు. ఒక గర్భిణిని తరలించడానికి పడవ కావాలన్నది సందేశం. మాకు వినబడింది ఆ "బ్రేక్, బ్రేక్" వరకే. కంట్రోల్ రూమ్‌లో పాతిక వాట్ల సెట్ ముందున్న అధికారి అప్పుడే పీటీటీ (మాట్లాడే బటన్) నొక్కారు. ఎఫ్ఎం సంగతి తెలిసిందే కదా, ఇద్దరు ఒకేసారి నొక్కితే బలమైన సిగ్నల్‌దే రాజ్యం. లంకలో గొంతు అక్కడే ఆగిపోయింది.

ఆయన బటన్ వదల్లేదు. వదలకుండానే గదిలో వాళ్ళతో మాట్లాడుతున్నారు. "ఆ జీపు ఎక్కడుందయ్యా... టిఫిన్లు ఎన్ని వచ్చాయి..." అంతా కొండెక్కి జిల్లా మొత్తానికి వినబడింది. మూడు నిమిషాలకి రిపీటర్‌లోని టైమర్ ప్రసారం కోసేసింది. ఆయన వేలు తీసేదాకా రిపీటర్ మళ్ళీ నోరు తెరవలేదు. సందు దొరగ్గానే మా అమ్మాయి, "సార్, స్టాండ్ బై ప్లీజ్, ఎమర్జెన్సీ ట్రాఫిక్ ఉంది" అంది. జవాబు వచ్చింది: "ఎవరమ్మా నువ్వు?"

ఆ మనిషిది తప్పని నేను అనను. వాళ్ళ వైర్‌లెస్‌లో గొంతుకి హోదా ఉంటుంది. పై అధికారి మాట్లాడుతుంటే కానిస్టేబుల్ మధ్యలో దూరడు, దూరకూడదు కూడా. ఆ క్రమం వాళ్ళ పనికి అవసరం. మన నెట్‌లో క్రమం వేరు. నెట్ కంట్రోల్ స్టాండ్ బై అంటే వీయూ2 (పై గ్రేడు కాల్‌సైన్) అయినా వీయూ3 (కింది గ్రేడు) అయినా, ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న పెద్దాయనైనా నిన్న లైసెన్సు వచ్చిన కుర్రాడైనా ఆగాలి. ఒకసారికి ఒక్క గొంతే పట్టే దారిలో ఎవరు ముందు వెళ్ళాలో చెప్పే పెత్తనం ఒక్కరిదే ఉండాలి. రెండు పెత్తనాలు ఒకే ఛానెల్‌లో పెడితే, అవి ఎంత మంచివైనా, లంకలో ఉన్నవాడి మాట వినబడదు. నా దృష్టిలో ఈ పోలికలో అన్నిటికన్నా బరువైనది ఇదే. టోన్లు, యాంటెన్నాలు, బ్యాటరీలు దీని తర్వాతే.

అదే డ్రిల్ మధ్యాహ్నం భాగంలో పద్ధతి మార్చాం. మైకు మా హామ్ తీసుకున్నాడు, అధికారి పక్కన కుర్చీలో కూర్చుని కాగితం మీద రాసిచ్చారు. సందేశం నంబరు, టైము, ఎవరి నుంచి, ఎవరికి, విషయం. అంతే. రాయాల్సి వచ్చేసరికి జీపు, టిఫిన్లు వాటంతటవే రాలిపోయాయి. పొద్దున నిమిషాల తరబడి సాగిన మాటలు మధ్యాహ్నం రెండు లైన్లయ్యాయి. ఆలస్యం అవుతుందని భయపడ్డాం గానీ, లాగ్‌బుక్‌లో చూసుకుంటే పొద్దుటి కంటే మధ్యాహ్నమే ఎక్కువ సందేశాలు దాటాయి.

కాగితం వల్ల ఇంకో లాభం ఉంది. ఇది తెలుగులో నెట్ నడిపిన వాళ్ళకే తెలుస్తుంది. గరగర మధ్యలో "ఇరవై", "అరవై" ఒకేలా వినబడతాయి. భోజనం పొట్లాలు ఇరవయ్యా, అరవయ్యా? అందుకే మేం "ఆరు సున్నా, అరవై" అని రెండుసార్లు చెబుతాం, అవతలివాళ్ళు తిరిగి చదువుతారు. ఊళ్ళ పేర్లూ అంతే. కొత్తపాలెం లేని మండలం కోస్తాలో వెతకాలి. మండలం పేరు కలపకుండా ఊరి పేరు పంపితే లాగ్‌లోకి ఎక్కించం. ఈ అలవాట్లు డ్రిల్ రోజున నేర్పితే రావు. ఆదివారం నెట్‌లో, ఎవరింటి పనసచెట్టు ఎన్ని కాయలు కాసిందో చెప్పుకునే కబుర్ల మధ్య, ఏళ్ళ తరబడి పడతాయి. ఆ కబుర్లను చూసి నవ్వేవాళ్ళకి ఇదే నా జవాబు.

రూలు సంగతి కూడా చూద్దాం. 1978 నాటి మన అమెచ్యూర్ సర్వీస్ నియమాల్లో హామ్ స్టేషన్ నుంచి మూడో మనిషి సందేశాలు పంపడం మామూలుగా కుదరదు. మామూలు కమ్యూనికేషన్లు దెబ్బతిన్నప్పుడు, భూకంపం, వరద, తుపాను లాంటి ఆపదలకు సంబంధించి, కలెక్టర్ లాంటి అధికారి పంపే, అందుకునే సందేశాలకు వెసులుబాటు ఉంది. ఆ రూలు సందేశాన్ని మోయమంటోంది, మైకుని అప్పగించమనడం లేదు. అంతర్జాతీయ రేడియో నియమాల్లో 2003లో వచ్చిన సవరణ కూడా అమెచ్యూర్ స్టేషన్లు ఆపద వేళకు ముందే సిద్ధంగా ఉండేలా చూడమని దేశాలను ప్రోత్సహిస్తుంది. లైసెన్సు లేని శాఖ సెట్లలో మన హామ్ బ్యాండ్ 144-146 మెగాహెర్ట్జ్ వేసేయడం ఈ రెండిట్లో దేనికిందకీ రాదు. పైగా ఒకసారి సెట్‌లోకి ఎక్కిన ఛానెల్‌ని తుపాను పోయాక ఎవరూ వచ్చి తీసేయరు. మర్నాటి నుంచి మామూలు మాటలకీ అదే వాడతారు.

ఇక బ్యాటరీ. దీని గురించి ఎవరూ అడగరు గానీ అడగాలి. మా రిపీటర్ పాతిక వాట్లది. ప్రసారం చేసేటప్పుడు సుమారు 7 ఆంపియర్లు లాగుతుంది, ఊరికే వింటున్నప్పుడు 0.8. మామూలు రోజున గంట నెట్ ఉందనుకుంటే 24 గంటలకి 25 ఆంపియర్-అవర్లు చాలు. 100 ఆంపియర్-అవర్ల బ్యాటరీ కరెంటు లేకపోయినా కాగితం మీద నాలుగు రోజులు లాగుతుంది. పాతబడ్డ బ్యాటరీతో మూడు అనుకోండి. అదే ఛానెల్‌ని నాలుగు శాఖలకి ఇచ్చి, రోజులో 70 శాతం సేపు ఎవరో ఒకరు మాట్లాడుతూనే ఉన్నారనుకోండి. 24 గంటలకి 120 దాటుతుంది. అంటే మొదటి రాత్రి తెల్లవారకముందే కొండ మీద పెట్టె చల్లబడుతుంది. సోలార్ ఉంది కదా అంటారు. తుపాను రోజున ఎండ ఎక్కడిది? హీట్‌సింక్ గురించి వేరే చెప్పక్కర్లేదు, చాలా క్లబ్‌ల రిపీటర్లు గంటల తరబడి ఆగకుండా ప్రసారం చేయడానికి కట్టినవి కావు. వాహనాల్లో పెట్టే పాత సెట్లు రెండు, ఒకే యాంటెన్నాతో వినడం, ప్రసారం రెండూ కుదిర్చే డూప్లెక్సర్ ఒకటి, ఒక కంట్రోలర్ కలిపి సభ్యులే బిగించుకున్నవి.

టవర్ పంచుకోవడం మీద నాకు పెద్ద అభ్యంతరం లేదు, ఆశ కూడా ఉంది. శాఖల టవర్ల దగ్గర జనరేటర్ ఉంటుంది, డీజిల్ ఉంటుంది, కాపలా ఉంటుంది. క్లబ్‌లకి ఈ మూడూ కలలో మాట. చిక్కల్లా పక్కనే ఉండే వాళ్ళ ట్రాన్స్‌మిటర్. మన రిసీవర్‌కి రెండు మీటర్ల దూరంలో పక్క బ్యాండ్ సిగ్నల్ పాతిక వాట్లతో కొడుతుంటే, లంకలోని హ్యాండీ గొంతు మన రిపీటర్ చెవికి ఎక్కదు. మన రిపీటర్ వినే, ప్రసారం చేసే ఫ్రీక్వెన్సీల మధ్య 600 కిలోహెర్ట్జ్ తేడా కోసం కట్టిన డూప్లెక్సర్ మన ట్రాన్స్‌మిటర్ నుంచే కాపాడుతుంది, పక్కవాళ్ళ నుంచి కాపాడుతుందని గ్యారంటీ లేదు. యాంటెన్నాలని పక్కపక్కన కాక ఒకదానిపై ఒకటి, వీలైనంత ఎడంగా కట్టించుకోండి. వాళ్ళ సెట్లన్నీ ఒకేసారి నొక్కించి చివరి ఊరి నుంచి హ్యాండీతో వినబడుతుందో లేదో చూశాకే ఒప్పుకోండి. ఇంకో చిన్న విషయం, రాత్రి రెండింటికి ఆ గది తాళం ఎవరి దగ్గర ఉంటుందో ముందే రాయించుకోండి.

ఇంతా చెప్పి అసలు ప్రశ్న ఒకటి మింగేస్తే అన్యాయం: కొండే పోతే? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖని తాకినప్పుడు సెల్ టవర్లు, కరెంటు స్తంభాలే కాదు, తుపానుని చూడాల్సిన వాతావరణ శాఖ డాప్లర్ రాడార్ కూడా దెబ్బతింది. ఎత్తున ఉన్నవే గాలికి ముందు దొరుకుతాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం కొబ్బరితోటలు ఎలా పడ్డాయో చూసినవాళ్ళకి మన పైపు మాస్ట్ సంగతి చెప్పక్కర్లేదు. ఛానెల్ ఇచ్చేసిన పద్ధతిలో రిపీటర్ పడితే కథ అయిపోయినట్టే, శాఖల చేతిలో ఉన్న సెట్లకి ఇంకో దారి తెలియదు. కంట్రోల్ రూమ్‌లో మన మనిషి ఉంటే, సింప్లెక్స్‌కి (రిపీటర్ లేకుండా సెట్ నుంచి సెట్‌కి నేరుగా) మారతాడు, మధ్యలో మేడ మీద ఉన్న ఇంకో హామ్‌ని రిలేగా పెట్టుకుంటాడు. అదీ కుదరకపోతే కిటికీలోంచి తీగ బయటికి తీసి ఇంకా దూరం పోయే 40 మీటర్ల (7 మెగాహెర్ట్జ్) బ్యాండ్‌కి వెళతాడు.

ఆ తీగ గురించి రెండు మాటలు. 7.1 మెగాహెర్ట్జ్‌కి డైపోల్ (మధ్యలో కేబుల్ తగిలించే తీగ యాంటెన్నా) మొత్తం పొడవు సుమారు 20 మీటర్లు. దాన్ని గొప్పగా ఎత్తు కట్టక్కర్లేదు. నాలుగైదు మీటర్ల ఎత్తున, రెండు కొబ్బరి మొద్దుల మధ్య కట్టినా పగటిపూట సిగ్నల్ నిటారుగా పైకెళ్ళి మూడు నాలుగు వందల కిలోమీటర్ల లోపు గొడుగులా పడుతుంది. పక్క జిల్లాలకి కావల్సింది అదే. రాత్రి ఆ బ్యాండ్ దగ్గరి ఊళ్ళని దాటేసి దూరం పోతుంది, అప్పుడు 80 మీటర్లకి దిగాలి, తీగ రెట్టింపు కావాలి. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు హామ్ భారతీ ప్రసాద్ గారి బృందం పోర్ట్ బ్లెయిర్‌లో ఉంది, అండమాన్ నుంచి దూరదేశాల హామ్‌లతో మాట్లాడే డీఎక్స్ సరదా కోసం వెళ్ళి. ద్వీపాలకి, ప్రధాన భూభాగానికి మధ్య ఆ రోజుల్లో వాళ్ళు సమాచారం నడిపింది హెచ్‌ఎఫ్ (దూరం పోయే ఇలాంటి బ్యాండ్లు) మీదే. అక్కడ పనికొచ్చింది సెట్లతో పాటు వాటి ముందు కూర్చున్న మనుషులు.

మిగతావి త్వరగా ముగిస్తాను. ఎకోలింక్, డీఎంఆర్ హాట్‌స్పాట్ (హామ్‌లని ఇంటర్నెట్ ద్వారా కలిపేవి): ఇంటర్నెట్ ఉన్నంతసేపు బాగుంటాయి, ఇంటర్నెట్ ఉంటే అధికారులకి వాట్సాప్ ఉంది. క్యూఓ-100 (హామ్‌లు వాడుకునే ఉపగ్రహం): మనకి పడమటి ఆకాశంలో కిందుగా కనబడుతుంది, డిష్ సర్దుకోగలిగినవాళ్ళు ఒకరిద్దరుంటే మంచిదే. మెష్‌టాస్టిక్ లాంటి చిన్న మెసేజ్ పెట్టెలు కుర్రాళ్ళకి ముద్దు. 865 మెగాహెర్ట్జ్‌లో లైసెన్సు అక్కర్లేదు, ఇంకో రెండు సీజన్లు చూసి చెబుతా. కారులో క్రాస్‌బ్యాండ్ సెట్ (ఒక బ్యాండ్‌లో విన్నది ఇంకో బ్యాండ్‌లో తిరిగి ప్రసారం చేసేది) పెట్టి వంతెన మీద ఆపేయడం మాత్రం చాలామంది చిన్నచూపు చూస్తారు గానీ, కొండ రిపీటర్ పడ్డాక మొదటి గంటకి దానికి మించింది లేదు. ఇంజన్ ఆన్‌లో ఉంచడం మర్చిపోకండి.

మరి మనుషుల లెక్క? పదిహేను మందితో ఆరు చోట్లు కుదరవని నేనే చెప్పాను. దానికి మా పరిష్కారం చోట్లు తగ్గించడం. ఒకటి కంట్రోల్ రూమ్, రెండోది అన్నిటికన్నా తెగిపోయేలా ఉన్న మండలం. రెండు చోట్లకి మూడు షిఫ్టులంటే ఆరుగురు, అది కాగలదు. మిగతా చోట్ల శాఖల వాళ్ళు తమ వైర్‌లెస్సే వాడుకుంటారు, అది చేరని చోటికే మన నెట్. దీనితోపాటు, ఆ శాఖల్లో ఆసక్తి ఉన్న ఇద్దరు ముగ్గురు కింది స్థాయి సిబ్బందిని రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ (మొదటి మెట్టు హామ్ లైసెన్సు) పరీక్షకి తయారుచేస్తామని రాశాం. దానికి మోర్స్ అక్కర్లేదు, టెలికం శాఖ పోర్టల్ సరళ్ సంచార్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. పాసై కాల్‌సైన్ తెచ్చుకున్నవాళ్ళు ఆదివారం నెట్‌కి రావాలన్నదొక్కటే షరతు. అప్పుడు వాళ్ళు మన ఛానెల్ వాడుతున్న బయటివాళ్ళు కారు, నెట్ కంట్రోల్ ఆగమంటే ఆగే హామ్‌లు. ఛానెల్ ఇచ్చేయాలని గట్టిగా వాదించిన మా కోశాధికారి గారు కూడా ఇక్కడ మెత్తబడ్డారు. పూర్తిగా కాదు. "మీరు చెప్పేది బాగుంది, నాలుగేళ్ళు పడుతుంది, తుపాను నవంబరులో వస్తుంది" అన్నారు. దానికి నా దగ్గర ఇంకా జవాబు లేదు.

మొత్తానికి ఉత్తరం వెళ్ళింది. ఛానెల్ ఇవ్వలేం, మనిషిని ఇస్తాం. మాకు కావల్సింది కంట్రోల్ రూమ్‌లో ఒక బల్ల, రెండు కుర్చీలు, జనరేటర్ లైన్‌లో ఒక ప్లగ్ పాయింట్, కేబుల్ బయటికి తీయడానికి కిటికీ రెక్క ఒకటి. పది రోజులకి ఫోనొచ్చింది. బల్ల, కుర్చీలు వెంటనే ఇస్తారట. ప్లగ్ పాయింట్‌కి ఎలక్ట్రికల్ వాళ్ళ అనుమతి కావాలట. కిటికీకి ఏసీ ఉందట, ఇంకో గది చూస్తామన్నారు.